రంజీ ఆటగాళ్లకీ ఇండియా ఆటగాళ్లకీ మధ్య టాలెంట్‌లో అంత తేడా ఉంటుందా?

మెట్లు మెట్లుగా ఉంటుందనుకుంటాం గానీ అలా ఉండదు, పక్కపక్క స్థాయిల్లో ఉన్న ఆటగాళ్ల టాలెంట్ చాలావరకు ఒకేలా ఉంటుంది. కింద లీగ్ క్రికెట్ ఆడేవాళ్లు వేలల్లో ఉంటారు, అక్కడ మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ తేడా ఒక్క ఓవర్ చూస్తే తెలిసిపోతుంది. రంజీకి వచ్చేసరికి మిగిలేది కొన్ని వందల మందే, అందరూ తమ ఊరికీ జిల్లాకీ స్టార్లే. ఆ పైన ఉండేవి పదకొండు చోట్లు. అంటే ఆఖరి మెట్టు దగ్గర టాలెంట్ కంటే ఖాళీయే తక్కువ.

రాజిందర్ గోయెల్‌ని చూడండి. రంజీలో 637 వికెట్లు, ఇప్పటికీ అదే రికార్డు, కానీ ఒక్క టెస్టు కూడా ఆడలేదు, ఎందుకంటే అదే కాలంలో, అదే ఎడమచేతి స్పిన్‌తో బిషన్ సింగ్ బేడీ ఉన్నాడు. అమోల్ మజుందార్ మొదటి రంజీ మ్యాచ్‌లోనే 260 కొట్టి, ఫస్ట్ క్లాస్‌లో (రంజీ లాంటి కొన్ని రోజుల పాటు సాగే మ్యాచ్‌ల్లో) 11 వేలకు పైగా పరుగులు చేసినా అప్పటి ఇండియా బ్యాటింగ్‌లో చోటు దొరకలేదు. వీళ్లని "రెండో రకం" అంటే నేనైతే ఒప్పుకోను.

అలాగని తేడా ఏమీ లేదనీ కాదు. రంజీలో వారానికో మంచి స్పెల్ (ఒక బౌలర్ వరసగా వేసే ఓవర్లు) ఎదురైతే, టెస్టుల్లో రోజంతా ఇద్దరు ముగ్గురు అలాంటి బౌలర్లే మార్చి మార్చి వేస్తారు, చిన్న లోపాన్ని కూడా వీడియోలో పట్టేసి దానికే గురిపెడతారు. చాలామంది ఆగిపోయేది అక్కడే. మన వీవీఎస్ లక్ష్మణ్ కూడా ఇండియా టీమ్‌లో చోటు పోగొట్టుకుని, 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కి 1,415 పరుగులు చేసి మళ్లీ తలుపు తట్టాల్సి వచ్చింది.