విలన్లకు కూడా దుప్పటి మడతపెట్టే డ్యూటీ వెయ్యి

అమ్మాయీ,

పిల్ల విలన్ల సమ్మర్ క్యాంపు గురించి నువ్వు రాసిన కథ చదివాను. పిల్ల విలన్లకు ప్రళయ, విధ్వంస్ అని పేర్లు పెట్టావు చూడు, అక్కడ గట్టిగానే నవ్వాను. ఈమధ్య మనవాళ్ళు పెడుతున్న పేర్లు వింటుంటే, రేపో మాపో ఇవి కూడా బారసాలల్లో వినిపిస్తాయేమో!

పేర్ల తర్వాత మాత్రం నవ్వు రాలేదు. లేజర్ తుపాకులున్నాయి, సొరంగాలున్నాయి, మొసళ్ళున్నాయి. సమ్మర్ క్యాంపే లేదు. కోటలో విలన్ ఉంటే వింతేముంది? పొద్దున్నే బ్యూగిల్‌కి లేచి, దుప్పటి మడతపెట్టి, డైనింగ్ హాల్లో బల్లలు తుడవాల్సి వచ్చినప్పుడు కదా వాడి పాట్లు మొదలయ్యేది.

అమెరికాలో పెరిగినదానివి, ఆ క్యాంపులు నాకంటే నీకే బాగా తెలుసు. అక్కడ తొలి క్యాంపని చాలామంది చెప్పుకునేది 1861 నాటిది. కనెటికట్‌లో బడి నడిపే ఫ్రెడరిక్ గన్ తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ మిల్ఫర్డ్ సముద్రతీరానికి తీసుకెళ్ళాడు. అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది, సైనికుల్లా గుడారాల్లో పడుకోవాలని కుర్రాళ్ళ సరదా. ప్రపంచాన్ని జయించాలనుకునే విధ్వంస్‌కి అలాంటి క్రమశిక్షణ తగిలించు. పక్క సరిగ్గా సర్దలేదని వాడి క్యాబిన్‌కి పాయింట్లు పోవాలి.

లేక్‌లో ఈత సీను ఎందుకు వదిలేశావు? అక్కడ ప్రతి పిల్లకీ ఒక జత ఉంటుంది. ఈల వినపడగానే జతలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, లైఫ్‌గార్డు లెక్కపెట్టుకుంటాడు. ప్రళయకీ విధ్వంస్‌కీ ఉప్పూ నిప్పూ కదా, వాళ్ళనే జత చెయ్యి. ఒకరినొకరు ముంచేద్దామని దగ్గరికొచ్చేసరికి ఈల. చచ్చినట్టు చేతులు పట్టుకోవాలి. మళ్ళీ పథకం, మళ్ళీ ఈల. కాసేపటికి ఈల వేయకముందే ప్రళయ చెయ్యి చాపేసి, తనని తానే తిట్టుకోవాలి. దానిమీద ఒక్క ముక్క వ్యాఖ్యానం రాశావో, ఊరుకోను.

పథకాలు చిన్నవి చెయ్యి. నగరం పేలిపోతే ఎనిమిదేళ్ళవాడికి ఏమీ అనిపించదు. క్యాంప్‌ఫైర్ దగ్గర కాల్చుకోవాల్సిన మార్ష్‌మాలో మిఠాయిలు మాయమైతే, అది ఘోరం! విధ్వంస్ ఆ దొంగతనానికి మ్యాపు గీసుకోవాలి, సీరియస్‌గా. వాడు నవ్వితే పాఠకుడు నవ్వడు.

వాడు ఇంటికి ఉత్తరం కూడా రాయాలి: "అమ్మా, ఇక్కడందరూ నన్ను చూసి గజగజ వణుకుతున్నారు. రాత్రిళ్ళు భయమేస్తోంది, నా ఏనుగుబొమ్మ పంపించు."

చివర్లో డైరెక్టర్ ఉపన్యాసం విని అందరూ మంచివాళ్ళైపోయిన పేజీ చింపెయ్. నీతి లేనిదే పిల్లల కథ కాదనే ఎడిటర్లు ఇంకా ఉన్నారు. అడగనీ, చూద్దాం.

తిరగరాశాక నాకు పంపేముందు మీ వీధి పిల్లలకు చదివి వినిపించు. ఎక్కడ నీళ్ళు తాగొస్తామంటూ లేస్తారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు