రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ గుండెదడ ఏమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. నాలుగు నెలల కిందట బస్సులో ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఊపిరాడలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఇక ప్రాణం పోయినట్టే అనుకున్నాను. ఈసీజీ, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ చూసి ఏమీ లేదన్నారు. తర్వాత ఐదారుసార్లు వచ్చింది. ఇప్పుడు బస్సు ఎక్కడమే మానేశాను, ఎటు వెళ్లినా మావారు తోడుండాల్సిందే, బ్యాగులో ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ మాత్ర ఉండాల్సిందే. ఇంట్లో "అంతా నీ భ్రమ" అంటున్నారు. నిజంగా భ్రమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: భ్రమ కాదండీ. గుండె దడ నిజం, తిమ్మిర్లు నిజం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది ఉన్నట్టుండి విపరీతమైన భయం మళ్లీ మళ్లీ ముంచుకొచ్చే పానిక్ డిజార్డర్‌లా ఉంది, మానసిక వైద్యుణ్ని కలవండి. ఎదురుగా పాము కనిపిస్తే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది కదా, ఇక్కడ పాము లేకుండానే అదంతా జరిగిపోతుంది. భయంతో గబగబా ఊపిరి పీలుస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. అంటే గాలి చాలట్లేదని మీరు గిలగిల్లాడుతున్న ఆ క్షణంలో అవసరానికి మించి పీలుస్తున్నారన్నమాట! మామూలుగా ఇది 10 నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది.

నాకు దడ కంటే మీరు బస్సు మానేయడమే ఎక్కువ కంగారుగా ఉంది. ఎక్కకపోతే ఆ పూట హాయిగానే ఉంటుంది, కానీ "ఎక్కలేదు కాబట్టి బతికాను" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. "మావారు తోడున్నారు కాబట్టి", "మాత్ర ఉంది కాబట్టి" అన్నా అదే లెక్క. ఈ లెక్క తప్పని మెదడుకి అనుభవంతోనే తెలియాలి, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే చికిత్స చేసేది అదే. అందులో థెరపిస్టు మీ చేత కావాలనే గబగబా ఊపిరి పీల్పిస్తారు, కుర్చీలో గిర్రున తిప్పుతారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ దడ వచ్చినా ఏమీ కాదని ఒంటికి తెలిసొచ్చేది అలాగే.

మందులూ పనిచేస్తాయి. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి వాడితే గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారంలో టెన్షన్ కాస్త పెరగొచ్చు కూడా. చాలామంది సరిగ్గా అక్కడే "పడట్లేదు" అని ఆపేస్తారు. ఆపకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది. ఆల్ప్రజోలామ్ మాత్రం అలవాటు పడే మందు. రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా మానొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కాఫీ తగ్గించి చూడండి. నడిచేటప్పుడో మెట్లెక్కేటప్పుడో ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా "పానిక్కేలే" అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

బస్సు సంగతంటారా, మొదట ఒక్క స్టాపు దూరం, మీవారిని వెనక సీట్లో కూర్చోమనండి. దడ వస్తే మధ్యలో దిగిపోకండి, అది దిగేదాకా ఆగి అప్పుడు మీరు దిగండి. అది అలవాటయ్యాక ఆయన్ని ఇంట్లోనే ఉండమనండి.