పాఠకుల ప్రశ్నలు: యోగ్యకర్తలో ఏం చూడాలి, ఎలా చూడాలి?

జావా ద్వీపంలోని పాత రాచనగరం యోగ్యకర్తకు బయలుదేరుతున్నామంటూ ఈ నెలలో పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: బాలి ద్వీపానికి వెళ్తూ దారిలో యోగ్యకర్తలో ఒక్క రోజు ఆగుదామనుకుంటున్నాం. పొద్దున బోరోబుదూర్, సాయంత్రం ప్రంబనన్ చూసేస్తే సరిపోతుందా? నగరంలో వేరే చూడదగినవి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సరిపోదమ్మా. మీరు చెప్పిన బోరోబుదూర్ బౌద్ధ స్తూపం, ప్రంబనన్ హిందూ ఆలయాలు రెండూ గొప్ప కట్టడాలే కానీ, అవి నగరం బయట ఉన్నాయి, నగరం కన్నా దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు పాతవి. వాటిని మాత్రమే చూసి వచ్చినవారు యోగ్యకర్తను చూసినట్లు కాదు. కనీసం మూడు రోజులు కేటాయించండి.

1755 ఫిబ్రవరి 13న కుదిరిన గియాంతి ఒప్పందంతో జావాలోని మతరామ్ రాజ్యం రెండుగా చీలిపోయింది. ఒక భాగం సురకర్త నగరంలో ఉన్న మూడవ పకుబువోనో రాజుకు మిగిలింది, రెండవ భాగం మంగ్కుబూమి అనే రాకుమారుడికి దక్కింది. ఆయనే మొదటి హమెంగ్కుబువోనో పేరుతో సుల్తాను అయి, మరుసటి ఏడాది యోగ్యకర్తలోని కొత్త కోటలో ప్రవేశించాడు. నగరం పేరుకు మూలం మన అయోధ్యే.

ఈ నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఒక గీతను మనసులో ఉంచుకుంటే చాలు. ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం, దక్షిణాన మహాసముద్రం, ఈ రెంటినీ కలిపే ఊహారేఖ మీద ఉత్తరం నుంచి వరుసగా తుగు స్తంభం, మాలియోబోరో వీధి, క్రాటన్ అని పిలిచే రాజప్రాసాదం, క్రాప్యాక్ వేట మండపం ఉంటాయి. క్రాప్యాక్ నుంచి క్రాటన్ వైపు నడిచే దారి మనిషి పుట్టి పెరిగి పెద్దవాడయ్యే ప్రయాణమనీ, తుగు నుంచి క్రాటన్ వైపు వచ్చే దారి తిరిగి సృష్టికర్తను చేరే ప్రయాణమనీ జావావారు చెబుతారు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినది ఏ ఒక్క భవనానికో కాదు, ఈ రేఖకూ దాని మీది కట్టడాలకూ. క్రాప్యాక్ దారికి ఇరువైపులా నాటే చెట్లలో చింతతో పాటు తంజుంగ్ అనే చెట్టు కూడా ఉంటుంది. పొగడ్తలు అందుకునే పడుచు వయసుకు అది గుర్తు, ఎందుకంటే వారి భాషలో పొగడ్తకు ఉన్న మాట సంజుంగ్. ఆ తంజుంగ్ మరేదో కాదు, మన పొగడ చెట్టే. ఒకే చెట్టుకు రెండు దూరపు భాషల్లో ఒకే భావం అంటుకోవడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

అందుచేత మొదటి రోజు ఉదయం క్రాటన్‌కు, దానికి నడక దూరంలోనే ఉన్న తమన్ సారి అనే రాచ జలోద్యానానికి వెళ్ళండి. తమన్ సారిలో స్నానపు కొలనుల దగ్గరే ఆగిపోకుండా, నేలకింది దారిలో సుముర్ గుమూలింగ్ దాకా వెళ్ళండి. వలయాకారంలో కట్టిన ఆ మసీదు నడిమధ్యన నాలుగు దిక్కుల నుంచి మెట్లు వచ్చి ఒక చిన్న వేదిక దగ్గర కలుసుకుంటాయి. రెండవ రోజు ప్రంబనన్‌కు, మూడవ రోజు బోరోబుదూర్‌కు ఇవ్వండి. బోరోబుదూర్ నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. స్తూపం పైకి ఎక్కనిచ్చేది రోజుకు పరిమిత సంఖ్యలోనే కాబట్టి, ఆ టికెట్ ముందుగానే తీసుకోవాలి.

ప్రశ్న: క్రాటన్‌లో ఇప్పటికీ రాజకుటుంబం ఉంటుందని విన్నాను. సందర్శకులు పాటించవలసిన నియమాలేమిటి? లోపల చూడవలసినదేమిటి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంటుంది. పదవ హమెంగ్కుబువోనో ఇప్పటి సుల్తాను, ఆయనే యోగ్యకర్త ప్రత్యేక ప్రాంతానికి గవర్నరు కూడా. భారతదేశంలో సంస్థానాలన్నీ విలీనమైపోగా ఇక్కడ మాత్రం సుల్తాను ఎందుకు నిలిచాడన్న ప్రశ్న మీకు వస్తుంది. ఇండోనేషియా స్వాతంత్ర్య పోరాటంలో తొమ్మిదవ హమెంగ్కుబువోనో డచ్చివారి పక్షాన కాక కొత్త గణతంత్రం పక్షాన నిలబడ్డాడు. 1946 జనవరిలో రాజధాని జకార్తా నుంచి యోగ్యకర్తకు తరలివచ్చి 1949 చివరి దాకా ఇక్కడే ఉంది. గజమద విశ్వవిద్యాలయం తొలి తరగతులు క్రాటన్ మండపాల్లోనే జరిగాయి. ప్రజలు ఆ ఋణాన్ని మరచిపోలేదు.

ప్రాసాదం సందర్శకులకు ఉదయం నుంచి మధ్యాహ్నం తొలిభాగం వరకే తెరచి ఉంటుంది కనుక పెందలాడే వెళ్ళండి. గామెలాన్ అనే కంచు వాద్యమేళం, నృత్యం, తోలుబొమ్మలు, పద్యగానం వంటివి వారంలో రోజుకొకటి చొప్పున ఉంటాయి. ఏ రోజు ఏదో ముందు రోజే అడిగి తెలుసుకుని, మీకు నచ్చినది ఉన్న రోజున వెళ్ళడం మేలు. లోపల టోపీ తీసివేయాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పే దుస్తులు వేసుకోవాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. మాలియోబోరోలో మోజుపడి కొన్న బాతిక్ చొక్కా మీద ఏటవాలు కత్తుల వరుసలాంటి పరాంగ్ నమూనా ఉంటే, దాన్ని క్రాటన్‌లోకి తొడుక్కుని వెళ్ళకండి. అది రాచకుటుంబానికే ప్రత్యేకించిన నమూనా.

భవనాలు మన మైసూరు ప్యాలెస్ వంటి ఆడంబరంతో ఉండవు. విశాలమైన ఇసుక ముంగిళ్ళు, గోడలు లేని మండపాలు, చెట్ల నీడలు కనిపిస్తాయి, అంతే. చాలామంది మన యాత్రికులు ‘ఇంతేనా?’ అని పావుగంటలో తిరిగి వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. ముదురు నీలి చారల చొక్కాలు తొడిగి, చెప్పులు లేకుండా మెల్లగా నడిచే అబ్ది దలెం అనే కొలువు సేవకులను గమనించండి. నామమాత్రపు జీతానికి, ఆ కొలువే గౌరవమని పనిచేసే మనుషులు వారు. ఒక మండపం అంచున కూర్చుని వారి నడకను, గామెలాన్ కంచు ధ్వనిని అరగంట సేపు అలవాటు చేసుకుంటేనే ఆ స్థలం మనసుకు ఎక్కుతుంది.

భారతీయులుగా మనకు తెలిసి ఉండవలసిన సంగతి మరొకటి ఉంది. 1812 జూన్‌లో బ్రిటిష్ సైన్యం ఈ కోట మీద పడి దోచుకుంది. ఆ సైన్యంలో బెంగాల్ సిపాయిలు ఉండడం వల్ల జావావారు ఆ ఘటనను ఇప్పటికీ ‘గెగెర్ సెపెహి’, అంటే సిపాయిల అలజడి అనే పిలుస్తారు. అప్పుడు పట్టుకుపోయిన గ్రంథాలయంలోని 75 రాతప్రతుల డిజిటల్ ప్రతులు 2019లో మాత్రమే సుల్తాను చేతికి అందాయి. అసలు ప్రతులు ఇంకా లండన్‌లోనే ఉన్నాయి. క్రాటన్‌లో ఉన్న పాత వస్తువులు ఇంత తక్కువేమిటని అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి రామాయణమంటే ప్రాణం. ప్రంబనన్ శిల్పాల్లోనూ, అక్కడి తోలుబొమ్మలాటలోనూ ఉన్నది మన రామాయణమే కదా? భాష రాకపోయినా అర్థమవుతుందా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: కథ అర్థమవుతుంది. ‘మన రామాయణమే’ అన్న మాటను మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్ళమని మీ నాన్నగారికి నా మనవిగా చెప్పండి. జావావారు వెయ్యేళ్ళకు పైగా ఆ కథను తమదిగా చెప్పుకుంటున్నారు. ప్రాచీన జావా భాషలో రామాయణ కావ్యం సుమారు తొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది, అందులోని తొలిభాగం వాల్మీకి కన్నా సంస్కృత భట్టికావ్యాన్ని దగ్గరగా అనుసరిస్తుంది. మన భాషలో భాస్కర రామాయణం, మొల్ల రామాయణం రావడానికి అది ఎన్ని వందల ఏళ్ళ ముందో లెక్క వేసుకోండి.

ప్రంబనన్‌లో 47 మీటర్ల శివాలయం నడుమ ఉంటుంది, దానికి అటూ ఇటూ బ్రహ్మ, విష్ణు ఆలయాలు ఉంటాయి. శివాలయం పిట్టగోడ లోపలి వైపున, తూర్పు ద్వారం దగ్గర రామకథ మొదలవుతుంది. గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణం చేస్తూ పోతే కథ వరుసగా సాగి, బ్రహ్మ ఆలయంలో ముగుస్తుంది. మీ నాన్నగారికి ఎవరూ నేర్పనవసరం లేదు. ఉత్తరపు గదిలోని మహిషాసురమర్దినిని స్థానికులు రోరో జొంగ్రాంగ్ అంటారు. తనను పెళ్ళాడాలంటే ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్ళు కట్టమని ఆ రాకుమారి షరతు పెట్టిందట. 999 పూర్తయ్యే వేళకు ఊరి ఆడవాళ్ళ చేత రోకళ్ళతో ధాన్యం దంపించి తెల్లవారిందని భ్రమింపజేసిందట. మోసపోయిన వరుడు ఆమెను శిలగా మారమని శపించాడట. ఎండాకాలపు నెలల్లో, అంటే మే నుంచి అక్టోబరు వరకు, ఆ గుళ్ళే తెరగా వెనుక నిలిచిన ఆరుబయలు రంగస్థలం మీద రామాయణ నృత్యనాటకం ఆడతారు. 1961 నుంచి నడుస్తున్న ఆ ప్రదర్శనలో మాటలు ఉండవు కనుక భాష అడ్డే కాదు.

ఇక తోలుబొమ్మల సంగతి. ధర్మవరం వారు అడిగారు కనుక ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మరింత ఇష్టంగా ఉంది, మీ పక్కనే నిమ్మలకుంట ఉంది కదా. మన బొమ్మలు మనిషంత ఎత్తున, వెలుగు దూరేలా పలుచన చేసిన తోలుతో, తెర మీద రంగుల్లో మెరుస్తాయి. జావావారి వాయాంగ్ కులిత్ బొమ్మలు గేదె తోలుతో చేసిన చిన్నవి. వాటికి బంగారు రంగు పూసినా, తెర మీద పడేది సూక్ష్మమైన చిల్లులతో కూడిన నల్లని నీడే. అందుకే అక్కడ చాలామంది తెరకు వెనుక, దలంగ్ అనే ఆటగాడు కూర్చున్న వైపునే చేరి చూస్తారు. మన ఆటలో కుటుంబమంతా పాత్రలు పంచుకుంటే, అక్కడ దలంగ్ ఒక్కడే అన్ని బొమ్మలనూ ఆడిస్తాడు, అన్ని గొంతులూ పలుకుతాడు. చేతులు ఖాళీ లేనప్పుడు కాలితో పెట్టెను తట్టి గామెలాన్ వారికి సంజ్ఞ ఇస్తాడు, తెల్లవారే దాకా లేవడు. ఆడేవారిలోనూ చూసేవారిలోనూ అత్యధికులు ముస్లింలు.

భారత కథలు ఆడే రోజున వెళ్తే మీ నాన్నగారు ఉలిక్కిపడతారు. అక్కడి ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య. శ్రీకండి అనే పేరుతో మన శిఖండి స్త్రీగానే కనిపిస్తుంది, గొప్ప విలుకత్తె, అర్జునుడి భార్య కూడా. అన్నిటికన్నా నాకు ఇష్టమైనవాడు సెమార్. బొజ్జతో, మొరటు మాటలతో కొడుకులను వెంటబెట్టుకుని హాస్యం చేసే ఆ ముసలి సేవకుడు మన జుట్టు పోలిగాడికి చుట్టంలా కనిపిస్తాడు. కానీ అతను నిజానికి దేవుడు, అక్కడి శివుడైన బతార గురుకు అన్న. అతను మందలిస్తే దేవతలు కూడా తల వంచాలి. ఆ పాత్ర మన భారతంలో ఎక్కడా లేదు, అది జావా మనసులోంచి పుట్టింది. క్రాటన్ ఉత్తరపు మైదానం పక్కనున్న సోనోబుదోయో మ్యూజియంలో రాత్రుళ్ళు సుమారు రెండు గంటల ప్రదర్శన ఉంటుంది. పెద్దవారికి రాత్రంతా మేలుకోవలసిన అవసరం లేకుండా అది అనుకూలంగా ఉంటుంది.

ప్రశ్న: నేను కలంకారీ అద్దకం పనిలో ఉన్నాను. యోగ్యకర్త బాతిక్‌లో అసలుదాన్ని ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకుడు, పెడన

జవాబు: మీ చేతికి సగం తెలిసే ఉంటుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నం నుంచి అద్దకం గుడ్డలను ఓడల్లో ఈ దీవులకు తీసుకువెళ్ళి, వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు తీసుకునేవారు. మన శ్రీకాళహస్తి కలం బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టిన నల్లని ద్రవంతో గీత గీస్తుంది. జావావారి చాంతింగ్ అనే పనిముట్టు మాత్రం కరిగిన మైనాన్ని గుడ్డ మీద సన్నని ధారగా పోస్తుంది, మైనం ఉన్న చోట రంగు అంటదు. పూర్తిగా చేత్తో చేసినదాన్ని బాతిక్ తులిస్ అంటారు. దానికి వెనుక వైపు కూడా ముందు వైపంత స్పష్టంగా ఉంటుంది, ఏ రెండు పువ్వులూ అచ్చుగుద్దినట్లు ఒక్కలా ఉండవు. రాగి అచ్చుతో మైనం వేసినది బాతిక్ చాప్, అదీ నిజమైన బాతికే, ధర తక్కువ. వెనుక వెలవెలబోతూ ఉంటే అది మిల్లు ముద్రణ. మాలియోబోరోలో ఎవరో స్నేహంగా పలకరించి, ‘విద్యార్థుల ప్రదర్శన ఉంది, ఈ రోజే ఆఖరు’ అని పిలిస్తే మర్యాదగా వద్దనండి. దాని బదులు చాంతింగ్ పట్టించి నేర్పే చోట ఒక పూట గడపండి. మీ వంటి పనివారికి ఆ పూట ఏ కొనుగోలు కన్నా విలువైనది.

ప్రశ్న: మేము శాకాహారులం. తిండికి ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కొంచెం జాగ్రత్త చాలు. నగరపు సొంత వంటకం గుడెగ్. లేత పనసకాయ ముక్కలను కొబ్బరిపాలు, తాటిబెల్లం వేసి గంటల తరబడి ఉడికిస్తారు. మన పనసపొట్టు కూరలా ఆవఘాటు ఆశించకండి, అది తియ్యగా ఉంటుంది. పక్కన కోడి, గుడ్డు, క్రెచెక్ అనే పశువు తోలు కూర వడ్డిస్తారు కనుక, పనస కూరా అన్నమూ మాత్రమే చాలని ముందే చెప్పాలి. కోడిని అదే కుండలో ఉడికించారేమో కూడా అడగండి. సంబల్ పచ్చడిలో తరచుగా రొయ్యల ముద్ద కలుపుతారు, ‘తన్పా తెరాసి’ అంటే అది లేకుండా అని అర్థం. సోయా గింజలతో చేసే టెంపె, తాహు ఎక్కడైనా దొరుకుతాయి.