బ్రేకుల ఎస్టిమేట్ 22,840: ఈఎంఐ పెట్టే ముందు మిల్లీమీటర్లు అడగండి

ప్రశ్న: మాది గుంటూరు. రెండేళ్ల క్రితం విజయవాడకు బదిలీ అయింది. రోజూ కారులోనే వెళ్లొస్తున్నాను. 2018 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్, 78,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు ప్యాడ్లు 38,000 దగ్గర మార్చారు. పది రోజులుగా బ్రేక్ తొక్కితే కీచుమంటోంది, హ్యాండ్ బ్రేక్ బాగా పైదాకా లాగాల్సి వస్తోంది. షోరూమ్ సర్వీసింగ్‌లో చూపిస్తే ఇలా రాసిచ్చారు: ముందు ప్యాడ్లు 2,950, డిస్కులు రెండు 6,400, వెనక బ్రేక్ షూలు 2,600, డ్రమ్ములు రెండు 4,200, బ్రేక్ ఆయిల్ 650, క్లీనింగ్, గ్రీజింగ్ 1,400, శబ్దం రాకుండా కోటింగ్ 1,650, లేబర్ 2,990. మొత్తం 22,840. చేతికొచ్చే జీతం 48,000. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది. దాన్ని తీసేయమంటారా, కార్డు మీద 6 నెలల ఈఎంఐ పెట్టమంటారా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా, ఇప్పుడే వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాతి మాట. మీరు పంపిన కాగితంలో ఎనిమిది లైన్లున్నాయి, ఒక్క లైను పక్కన కూడా కొలత లేదు. బ్రేకులో మార్చాల్సిన ప్రతి భాగానికీ ఇంతకంటే అరిగితే తీసేయాలి అన్న హద్దు ఉంటుంది. ఎంత మిగిలిందో రాయకుండా మార్చాలంటే ఒప్పుకోకండి.

ముందు ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే, ఇందులో బేరం లేదు. ప్యాడ్లంటే బ్రేక్ తొక్కినప్పుడు చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మలు. 40,000 కిలోమీటర్లు నడిచాయి, కీచుమంటున్నాయి. చాలా ప్యాడ్లకు వెనక రేకు మీద నాలుక లాంటి చిన్న ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగి హద్దు దగ్గరికి రాగానే అది డిస్కును రాసుకుని కీచుమంటుంది. అది హెచ్చరిక మాత్రమే. కీచు పోయి గరగరమని ఇనుము రాసుకునే చప్పుడు మొదలైతే, ప్యాడ్ అయిపోయి వెనక రేకే డిస్కును చెక్కుతోందని అర్థం. అప్పుడు 2,950తో పోయేది డిస్కులతో కలిపి 9,350 అవుతుంది. కాబట్టి ఈ వారంలోనే చేయించండి. అప్పటిదాకా హైవే మీదికి తీయకండి, బస్సులో వెళ్లిరండి.

డిస్కుల మీద గీతలు పడ్డాయని మార్చాలంటారు. సన్నటి గీతలు ప్రతి పాత డిస్కు మీదా ఉంటాయి. చూడాల్సింది మందం. ఎంతవరకు అరగొచ్చో డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు 20 మి.మీ. అని ఉండి, కొలత 21 వస్తే ఆ డిస్కు ఇంకా పనికొస్తుంది. కొలిచే తీరు కూడా మీరు దగ్గరుండి చూడండి. డిస్కు అంచున ప్యాడ్ తాకని చోట ఒక గట్టు నిలిచిపోతుంది. మందం కొలిచే వెర్నియర్‌ను ఆ గట్టు మీద ఆనించి కొలిస్తే లేని మందం కనిపిస్తుంది. ఇంకా కచ్చితంగా కొలిచే మైక్రోమీటర్‌తో గట్టుకు లోపలి వైపు, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి. హద్దు కంటే తక్కువ వచ్చినా, డిస్కులో పగులు కనిపించినా మారు మాట్లాడకుండా రెండూ మార్చించండి. బ్రేక్ తొక్కినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కు ఒక్కో చోట ఒక్కో మందంగా అరిగిందని అనుమానించాలి. మందం చాలినంత ఉంటే దాన్ని లేత్ మీద ఫేసింగ్ చేయిస్తే, అంటే పైపొర తీసి చదును చేయిస్తే సరిపోతుంది. మీరు వణుకు మాట రాయలేదు.

వెనక చక్రాల సంగతి వేరు. అక్కడ చక్రంతో తిరిగే గుండ్రటి డ్రమ్మును లోపలి నుంచి షూలు ఒత్తి ఆపుతాయి. బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకు పడుతుంది, ఎక్కువ పని ముందు బ్రేకులే చేస్తాయి. అందుకే వెనక షూలు ప్యాడ్ల కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. పైగా డ్రమ్ము విప్పకుండా షూ ఎంత అరిగిందో సరిగ్గా తెలియదు. విప్పి చూశారా అని అడగండి. షూ మీద అరిగే పొర, అంటే లైనర్ మందం కొలిచి మీ కారు హద్దుతో పోల్చమనండి. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో, ఆ వ్యాసం కూడా డ్రమ్ము మీదే ముద్రించి ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ పైకి లాగాల్సి రావడానికి చాలాసార్లు షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరగడమే కారణం. ముందు షూలు అడ్జస్ట్ చేసి, ఆ తర్వాతే కేబుల్ బిగించాలి. ఒక్కటి మాత్రం జాగ్రత్త: షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే లోపల తడిగా ఉందంటే ఆయిల్ కారుతోంది. ఆయిల్ పీల్చిన షూ ఎంత మందంగా ఉన్నా పనికిరాదు. సిలిండరూ బాగుచేయాలి, షూలూ మార్చాలి. అక్కడ పైసా కూడా మిగుల్చుకోవాలని చూడకండి.

బ్రేక్ ఆయిల్‌కు 650 న్యాయమే. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. వరుసగా బ్రేకులు వేసి వేడెక్కినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సీలు తీయని డబ్బా మీ ముందే తెరవమనండి. మట్టం కిందికి ఉందని ఈ రెండు రోజుల్లో పైన పోయించకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం తగ్గడం సహజం. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు, ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెడతారు, అప్పుడు ఎక్కువైన ఆయిల్ పొర్లి బానెట్ కింద రంగును తినేస్తుంది.

కోటింగ్ 1,650 కొట్టేయించండి. క్లీనింగ్, గ్రీజింగ్ 1,400 కూడా. ప్యాడ్లు మార్చేటప్పుడు, వాటిని పట్టి ఉంచే క్యాలిపర్ శుభ్రం చేసి అది జారే స్లైడ్ పిన్నులకు గ్రీజు పెట్టడం ఆ పనిలో భాగమే, లేబర్‌లో వచ్చేయాలి. ఆ గ్రీజు మాత్రం పెట్టారో లేదో తప్పకుండా కనుక్కోండి. పాత ప్యాడ్లు సంచిలో వేసి ఇవ్వమని చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డులో రాయించండి. ఒకే చక్రానికి లోపలి ప్యాడ్ 2 మి.మీ., బయటిది 6 మి.మీ. ఉంటే పిన్నులో పిస్టనో పట్టేసిందన్నమాట. అది బాగుచేయకుండా కొత్తవి వేస్తే అవి కూడా అలాగే పోతాయి.

ఇప్పుడు లెక్క. ప్యాడ్లు 2,950, ఆయిల్ 650, తగ్గిన పనికి లేబర్ 1,800 అనుకుంటే 5,400. షూలు కూడా అరిగి ఉంటే 8,000. కొలతల్లో డిస్కులు, డ్రమ్ములు అన్నీ పోయాయని తేలినా 19,790 దాటదు. ధరలు పన్నుతో కలిపా, విడిగానా అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలా భాగాల మీద 28 ఉండేది. ప్యాడ్ల డబ్బా మీద ఎమ్మార్పీ 2,950 ఉంటే అందులో పన్ను కలిసే ఉంటుంది. దాని మీద మళ్లీ 18 శాతం వేసి 3,481 అంటే ఒప్పుకోవద్దు. డబ్బా ఫోటో తీసుకోండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అరుగుదలకు బీమా రాదు, తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డెప్ బీమా ఉన్నా రాదు. వారంటీ అయిపోయిన బండి కాబట్టి గుంటూరు ఆటోనగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మరో ధర కనుక్కోవడంలో తప్పు లేదు. బిల్లు, సీలు ఉన్న డబ్బా ఇచ్చే చోటే చేయించండి.

5,400 గానీ 8,000 గానీ అయితే ఈ నెల, వచ్చే నెల జీతాల్లోంచే సర్దుకోవచ్చు. మొత్తం 22,840 ఈఎంఐ పెడితే, 16 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 3,986 కడతారు. వడ్డీ దాదాపు 1,080, దాని మీద జీఎస్టీ 194, ప్రాసెసింగ్ ఫీజు అదనం. వడ్డీ కంటే నాకు భయం వేరే ఉంది. నెలకు నాలుగు వేలే కదా అనిపించి, అక్కర్లేని లైన్లకు కూడా సరేనంటారు. నిజంగానే 19,790 అవసరమైతే ఎఫ్‌డీ తీయకుండా దాని మీద లోన్ తీసుకోండి. 9 శాతం పడినా, ఆరు నెలల్లో సమానంగా తీర్చేస్తే వడ్డీ 500, 550 మధ్య ఉంటుంది.

ఇక ముందుకు. గుంటూరు నుంచి విజయవాడకు రానుపోను 70 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 1,750. ఈ లెక్కన ప్యాడ్లు 23 నెలలకోసారి వస్తాయి. కాజ టోల్‌గేట్ దాకా అరిగేది తక్కువే, వారధి మీద, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి వెళ్లడమే వాటిని తింటుంది. బ్రేకులకు నెలకు 500, టైర్లకు 700, బ్యాటరీకి 100, మొత్తం 1,300 పడుతుంది. కాస్త ఎక్కువే వేసుకుని జీతం పడిన రోజే 1,500 వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోవద్దు.

బండి తీసుకునేటప్పుడు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి తొక్కు నేలదాకా పోవచ్చు. తొలి 200, 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకండి. బిల్లు వెనక ఆ రోజు కిలోమీటర్ల రీడింగు, డిస్కుల మందం, షూల మందం రాసి దాచండి.