గానుగ కొనే ముందు దుకాణాలు తిరగండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. చెక్క గానుగ కొబ్బరి నూనెను సొంత బ్రాండుతో అమ్మాలనుకుంటున్నాను. యంత్రం, షెడ్డుకు 7.5 లక్షలు, మొదటి నెల సరుకుకు 1.5 లక్షలు కావాలి. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి, బంగారం మీద 3 లక్షలు వస్తాయి, మిగతా 2 లక్షలు నూటికి 3 రూపాయల వడ్డీకి దొరుకుతాయి. అరలీటరు సీసాకు 240 ఖర్చు, అమ్మకం 320. నెలకు 600 సీసాలు అమ్మితే 48,000 మిగులుతుంది. యంత్రానికి 50,000 అడ్వాన్సు ఇచ్చాను. చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ రాగానే బయటి అప్పు తీర్చేస్తాను. ఇంటి ఖర్చు నెలకు 30,000, మావారి జీతమే ఆధారం. బంగారం పెట్టి, బయట అప్పు కూడా తీసుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దమ్మా. గానుగ, షెడ్డు, వడ్డీ, అన్నీ రాశారు. ఆ 600 సీసాలు ఎవరు కొంటారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. చిన్న వ్యాపారం మొదలుపెట్టే చాలామంది చేసే పొరపాటే ఇది. తయారీ ఖర్చు పైసలతో సహా లెక్క వేస్తారు, అమ్మకం దగ్గరికి వచ్చేసరికి ‘అదే అవుతుందిలే’ అని వదిలేస్తారు.

సీసా మీద వేసే ధర 320 అయితే, కిరాణా దుకాణదారుకు 20 శాతం ఇచ్చినా 64 రూపాయలు పోతాయి. మీకు మిగిలేది 16. ఆటో కిరాయి, కారిపోయిన సీసాలు, వెనక్కి వచ్చిన సరుకు అందులోంచే పోవాలి. మధ్యలో డీలరు ఉంటే అదీ ఉండదు. 600 సీసాలూ అమ్ముడైనా చేతికి వచ్చేది 9,600. బయటి అప్పు వడ్డీయే నెలకు 6,000. బంగారం వడ్డీ దానికి అదనం.

పైగా కొత్త బ్రాండును దుకాణంలో పెట్టేది అరువు మీదే. డబ్బు రావడానికి రెండు నెలలు పడితే, ఈలోగా గానుగ ఆగకూడదంటే నెలకు 1,44,000 చొప్పున 2,88,000 మీ చేతి నుంచి పెట్టాలి. మీ దగ్గరుండేది 1.5 లక్షలు! చిన్న పరిశ్రమలను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైతే, సరుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోగా చెల్లించాలని చట్టం ఉంది, నమోదు ఉచితం, చేయించుకోండి. కానీ ఫిర్యాదు చేసిన చోట మళ్లీ మీ సీసా పెట్టుకోరు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరు. 4 లక్షలూ తీసి పెట్టేస్తే ఇంట్లో అత్యవసర నిధి సున్నా. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మీది. గోదావరికి వరదొస్తే లంకలకు దారి ఉండదు, వర్షాకాలంలో కొబ్బరి ఎండదు. 1996 నవంబరు తుపానుకు కోనసీమ తోటలు ఏమయ్యాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అలాంటి నెలలో అమ్మకం ఆగినా వడ్డీ ఆగదు. అందుకే ముందుగా ఆరు నెలల ఇంటి ఖర్చు, 1.8 లక్షలు, వేరే ఎఫ్‌డీగా విడదీయండి. వ్యాపారం ఎంత బాగా సాగుతున్నా, ఎంత ఇబ్బందిలో ఉన్నా ఆ డబ్బు ముట్టుకోవద్దు. కొబ్బరి చవగ్గా దొరికిందని కూడా తీయొద్దు. ఇది లేకుండా వ్యాపారం మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను.

మిగిలిన 2.2 లక్షల్లో లక్షన్నర దాటకుండా ఖర్చుపెట్టి, ముందు చిన్నగా అమ్మి చూడండి. ఎండుకొబ్బరి కొని, గానుగ ఉన్నవాళ్ల దగ్గర కూలికి ఆడించుకోండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని నెలకు వంద సీసాలతో మొదలుపెట్టండి. వంటకు అమ్ముతారో, తలకు రాసుకునే నూనెగా అమ్ముతారో ముందే తేల్చుకోవాలి. తల నూనె అయితే కాస్మెటిక్స్ లైసెన్సు వేరు, పెట్టే దుకాణాలూ వేరు. అమలాపురం, రావులపాలెం, రాజమండ్రిలో ఇరవై దుకాణాలు ఎక్కి మూడే అడగండి: కమీషన్ ఎంత, డబ్బు ఎప్పుడిస్తారు, అమ్ముడు కాకపోతే ఎవరు భరిస్తారు. ‘నూనె బాగుందమ్మా’ అన్నంత మాత్రాన ఆర్డరు వచ్చినట్టు కాదు. అదే దుకాణం పాత బాకీ తీర్చి రెండోసారి అడిగితేనే లెక్కలో వేసుకోండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు కొనుక్కెళ్లినవి వేసుకోవద్దు. వరసగా మూడు నెలలు 200 సీసాలు అమ్ముడై డబ్బు చేతికొచ్చాక గానుగ మాట. ఈలోగా 240 ఖర్చయినా తగ్గాలి, 320 ధరయినా పెరగాలి.

పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు అన్నది నిజమే. అయితే అది బ్యాంకు లోనుతో ముడిపడింది, మూడేళ్లు బ్యాంకు దగ్గరే ఉండి లోనులో సర్దుబాటవుతుంది. దాంతో వడ్డీవ్యాపారి అప్పు తీర్చడం కుదరదు.

యంత్రం వాళ్లతో మాట్లాడి డెలివరీ వాయిదా వేయించండి. ఒప్పుకోకపోతే ఆ 50,000 వదులుకోండి. బాధగానే ఉంటుంది. కానీ ఆ 2 లక్షలకు మీరు కట్టబోయే ఏడాది వడ్డీ 72,000.