అమ్మాయిలు సేల్స్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళొచ్చా? విజయవాడ కొట్లలో నా 8 వారాలు

ఎంబీఏ మొదటి ఏడాది అయింది, పెద్ద కంపెనీలో సేల్స్ ఇంటర్న్‌షిప్ వచ్చింది, "ఆడపిల్లవి, ఎండలో కొట్ల చుట్టూ తిరగడమెందుకు" అని ఇంట్లో వద్దంటున్నారు, ఏం చేయనని ఒక అమ్మాయి అడిగారు. వెళ్ళండి. 2019 వేసవిలో నాదీ ఇదే పరిస్థితి. బిస్కెట్లు, సబ్బులు అమ్మే పెద్ద కంపెనీ, విజయవాడ, 8 వారాలు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రెండు రోజులు ఏసీ గదిలో స్లైడ్లు చూపించారు. మూడో రోజు పొద్దున వన్‌టౌన్‌లో డిస్ట్రిబ్యూటర్ (కంపెనీ దగ్గర సరుకు కొని కొట్లకి వేసే వ్యాపారి) గోడౌన్‌కి తీసుకెళ్ళి ఒక సేల్స్‌మన్‌కి అప్పజెప్పారు. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషి. కంపెనీ టీషర్ట్ వేసుకుంటారు కానీ కంపెనీ ఉద్యోగి కాదు, జీతం ఇచ్చేది డిస్ట్రిబ్యూటర్. ఈ సంగతి స్లైడ్లలో ఎక్కడా లేదు.

బీట్ అంటే ఒక రోజులో తిరగాల్సిన కొట్ల వరస. సోమవారం కృష్ణలంక, మంగళవారం పటమట, అలా వారానికి ఆరు బీట్లు, ఒక్కో దాంట్లో 35, 40 కొట్లు. ఇవాళ ఆర్డర్ రాసుకుంటే రేపు ఆటోలో సరుకు వెళ్తుంది. మొదటి కొట్టులోనే నేను పాత బిల్లు డబ్బులు అడిగాను. కొట్టాయన ముఖం తిప్పేసుకున్నారు. బయటికొచ్చాక సేల్స్‌మన్ గారు, "బోణీ కాకుండా డబ్బులు అడక్కూడదమ్మా. దీపాలు పెట్టే వేళా అడక్కూడదు. శుక్రవారం మనిషిని చూసి అడగాలి" అని చెప్పారు. ఏ కొట్టాయన కూతురికి పెళ్ళి కుదిరింది, ఎవరికి ఈ నెల చేతిలో డబ్బు ఆడటం లేదు, అన్నీ ఆయనకి నోటికి వచ్చు.

రెండో వారం కృష్ణలంకలో ఒక చిన్న కొట్టుకి వెళ్ళాం. నడిపేది ఒక పెద్దావిడ. పన్నెండు కొంటే ఒకటి ఉచితం అని నేను స్కీమ్ చెప్పుకుపోతున్నాను. ఆవిడ ఏమీ అనకుండా వంగి, బియ్యం బస్తాల వెనక నుంచి ఒక అట్టపెట్టె లాగారు. అందులో మా బిస్కెట్ ప్యాకెట్లు, అన్నీ డేట్ అయిపోయినవే. కొన్నిటిని ఎలకలు కొరికేశాయి. ఒక్కొక్కటే తీసి నా ఆర్డర్ పుస్తకం పక్కన పేర్చారు. "ముందు ఇవి తీసుకెళ్ళు తల్లీ, తర్వాత కొత్తవి రాసుకుందువు గాని. నాలుగు నెలల్నుంచి వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారు" అన్నారు. లెక్కపెడితే 640 రూపాయల సరుకు. ఆవిడకి వందకి పది రూపాయలు మిగులుతాయి. అంటే ఆ 640 పూడాలంటే 6,400 రూపాయల సరుకు అమ్మాలి. ఆ రోజు ఇంక స్కీమ్ గురించి మాట్లాడలేకపోయాను.

ఇలా ఎందుకు జరుగుతుందో నెలాఖరుకి అర్థమైంది. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి వేసే బిల్లుని ప్రైమరీ అంటారు, డిస్ట్రిబ్యూటర్ కొట్లకి వేసేది సెకండరీ. పైవాళ్ళు మా మేనేజర్‌ని అడిగేది ప్రైమరీ గురించే. టార్గెట్ నిండకపోతే చివరి మూడు రోజుల్లో అవసరం ఉన్నా లేకపోయినా గోడౌన్‌లో సరుకు దింపేవారు. డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ మీద పడతారు, సేల్స్‌మన్ కొట్టు మీద పడతారు. మే 23న ఓట్ల లెక్కింపు, టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు, అయినా టార్గెట్ తగ్గలేదు. అలా అంటగట్టిన సరుకే బస్తాల వెనకకి చేరుతుంది. వెనక్కి తీసుకుంటే కంపెనీ నుంచి దాని డబ్బు తిరిగి రావడానికి నెలలు పట్టేది, అందుకే డిస్ట్రిబ్యూటర్ తీసుకోవడానికి వెనకాడేవారు.

నాకిచ్చిన ప్రాజెక్ట్ వేరు, ఒక కొత్త సబ్బు ఎన్ని కొట్లలో ఉందో చూడటం. దాంతోపాటే ప్రతి కొట్టులో డేట్ అయిపోయిన మా సరుకు ఎంతుందో కూడా రాసుకున్నాను. పాత సరుకు పేరుకున్న కొట్లు కొత్త సబ్బు పెట్టుకోవడానికి ఒప్పుకోవడం లేదని నా లెక్కలో స్పష్టంగా కనిపించింది. ప్రెజెంటేషన్ ముందురోజు మేనేజర్ ఆ స్లైడ్లు తీసేయమన్నారు. తీసేశాను. అప్పుడు గట్టిగా నిలబడాల్సిందని ఇప్పటికీ బాధ ఉంది. కాలేజీకిచ్చిన రిపోర్ట్‌లో మాత్రం అన్నీ పెట్టాను. కృష్ణలంక పెద్దావిడ 640 రూపాయలని సేల్స్‌మన్ గారు డిస్ట్రిబ్యూటర్‌ని బతిమాలి రెండు బిల్లుల్లో తగ్గించారు. ఆ కంపెనీ నుంచి నాకు ఉద్యోగం ఆఫర్ రాలేదు. తర్వాత వేరే చోట ఇంటర్వ్యూలో నన్ను అరగంట అడిగింది ఈ అట్టపెట్టె గురించే, ఉద్యోగం ఇచ్చారు.

ఇక ఆడపిల్లగా అసలు కష్టం ఎండ కాదు, బాత్రూమ్. దాని భయంతో మొదటి వారం నీళ్ళు తాగడం మానేశాను. మూత్రంలో మంట, జ్వరం, రెండు రోజులు మంచం మీదే. ఎందుకు రాలేదో నేను చెప్పలేదు. సేల్స్‌మన్ గారు మాత్రం తర్వాతి రోజు నుంచి దారి మార్చి, రెండు గంటలకోసారి ఒక పెట్రోల్ బంక్ తగిలేలా తిప్పారు. "నీళ్ళు తాగమ్మా" అన్నారంతే. మీరు నాలా చేయకండి. బంకుల్లో బాత్రూమ్ అడిగి వాడుకోండి. బీట్‌లో అవి ఎక్కడున్నాయో మొదటి రోజే చూసుకోండి.

చేరేముందే పెట్రోల్ ఖర్చు ఎవరిదో, ప్రాజెక్ట్ ఏమిటో, మీ మీద అమ్మకాల టార్గెట్ ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. నేను నోటిమాట నమ్మి పెట్రోల్ డబ్బులు సొంతంగా పెట్టుకున్నాను.

ఇంట్లో వాళ్ళ సంగతి. మా నాన్నా వద్దనే అన్నారు. మూడో వారం ఆయన్ని బీట్‌కి తీసుకెళ్ళాను. నాలుగో కొట్టు దగ్గర కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చి, "మీ అమ్మాయి లెక్క తప్పదండీ" అన్నారు కొట్టాయన. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మీ వాళ్ళనీ ఒకరోజు తీసుకెళ్ళండి, మధ్యాహ్నం ఎండ ముదరకముందే ఇంటికి పంపేయండి.