ట్రెక్కింగ్ బ్యాగుల బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ అభ్యంతరం

మీ ట్రెక్కింగ్ బ్యాగులకు పెట్టిన "సమ్మిట్ ట్రెక్ గేర్" పేరుకు ట్రేడ్‌మార్క్ ఆఫీసు అభ్యంతరం చెప్పిందని, ఏం చేయాలని అడిగారు. అభ్యంతరం పేరు వల్లే వచ్చి ఉంటుంది. ట్రెక్, గేర్ రెండూ సరుకేమిటో చెప్పే మాటలు, అలాంటి వాటిని ఆపే ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కిందికి వస్తాయి. మిగిలిన సమ్మిట్ ఈ రంగంలో అరిగిపోయిన మాట. కంపెనీ రిజిస్ట్రేషన్‌లో పేరు, డొమైన్ రెండూ దొరికాయన్నారు. వాటితో ట్రేడ్‌మార్క్ హక్కు రాదు.

1. సరుకును వర్ణించని పేరు చూడండి. ఆర్క్‌టెరిక్స్ వాళ్లు ఆర్కియోప్టెరిక్స్ అనే శిలాజ పక్షి పేరును కుదించి పెట్టుకున్నారు.

2. ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ సైటు ఐపీ ఇండియాలోని పబ్లిక్ సెర్చ్‌లో వెతకండి. చాలామంది వర్డ్‌మార్క్ (పేరులోని అక్షరాలను బట్టి వెతికే ఆప్షన్) ఒక్కటే కొట్టి, ఏమీ రాలేదని సంబరపడతారు. పక్కనే ఫొనెటిక్ అని, పలుకును బట్టి వెతికే ఆప్షన్ ఉంటుంది, అసలు వెతకాల్సింది అందులో. స్పెల్లింగ్‌లో సీ తీసి కే పెట్టినా, పలికితే ముందే ఉన్న మార్కులా ఉంటే సెక్షన్ 11 కింద మళ్లీ ఆపుతారు.

3. క్లాసు (సరుకు రకాన్ని బట్టి ఉండే నంబరు) మార్చి మళ్లీ వెతకండి: బ్యాగులకు 18, టెంట్లకు 22, బట్టలు, బూట్లకు 25.

4. ఫీజు క్లాసుకు విడిగా కట్టాలి. ఆన్‌లైన్‌లో అయితే వ్యక్తులకు, స్టార్టప్‌లకు రూ.4,500. ఇప్పుడు అమ్మేది బ్యాగులే కాబట్టి 18తో మొదలుపెట్టండి, చాలు.

పాత పేరే కావాలంటే మాత్రం ఎగ్జామినేషన్ రిపోర్ట్ (అభ్యంతరాలు రాసి ఆఫీసు పంపే రిపోర్టు) అందిన 30 రోజుల్లోపు జవాబు వేయాలి.